కుండ దగ్గరి మనిషి

కుండలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో తెలుసుకోవడానికి గుమానారాం మూత తీయడు. వేలి కణుపుతో కుండ పొట్ట మీద తడతాడు. నీళ్ళున్నంత మేర చప్పుడు మందంగా ఉంటుంది, ఖాళీ మొదలైన చోట మోగుతుంది. యాభై ఏళ్ళు కుమ్మరి సారె తిప్పిన చేతులకు ఆ తేడా చాలు. ఇప్పుడు సారె తిప్పే ఓపిక లేదు. ఊరి కుంటలో పూడిక తీసే ఉపాధి పని దగ్గర, గడ్డి పందిరి కింద, తను చేసిన ఆరు కుండల పక్కన కూర్చుని వచ్చినవాళ్ళ దోసిళ్ళలో నీళ్ళు పోస్తున్నాడు.

రోహిణి కార్తె మొదలై నాలుగు రోజులైంది. మొదటి తొమ్మిది రోజులూ ఎంత మండితే వానలు అంత బాగా కురుస్తాయని ఆ ఊరివాళ్ళ నమ్మకం. అందుకని ఎండను ఎవరూ తిట్టరు. తెల్లవారకముందే పనిలోకి దిగి పదకొండుకల్లా గట్టెక్కుతారు. మగవాళ్ళు జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటారు, తలపాగా తడిపి చుట్టుకుంటారు. ఇంతకుమించి ఎండకు చేయగలిగిందేమీ లేదనీ, మిగిలింది నీళ్ళు చూసుకుంటాయనీ గుమానారాం అనుకునేవాడు. ఒంటె బండి మీద తొట్టి నిండా నీళ్ళు వచ్చేసరికే అతను పందిరి చేరేవాడు. కుండల కింద ఇసుక తడిపేవాడు. గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టేవాడు. పొడుగు కాడ ఉన్న ఇత్తడి గరిటెను బూడిదతో తోమేవాడు. పోసిన ప్రతి దోసిలికీ మనసులో ఒకసారి రాముణ్ణి తలుచుకునేవాడు. దప్పిగొన్నవాడికి నీళ్ళిచ్చే పని దేవుడు ముసలితనంలో తనకు మిగిల్చినందుకు రోజూ సంతోషించేవాడు.

ఒక్కటే అతనికి అర్థం కాలేదు. పని ముగిసే వేళకు ఆరు కుండల్లో రెండే, అవీ సగానికే, తరిగేవి. తొమ్మిది మంది మగవాళ్ళు, ముప్ఫై మంది ఆడవాళ్ళు, ఈ ఎండ. అయినా నాలుగు కుండలు నిండుగా ఉండిపోయేవి. ఆ నీళ్ళు తీసుకెళ్ళి గట్టు కింద మేకల తొట్టిలో పోసేవాడు. అదీ ధర్మమే కదా అనుకునేవాడు. కూలీల పని చూసే మేట్ తిలోకా, హాజరు వేసే మస్టరు పుస్తకం చంకలో పెట్టుకుని నీళ్ళు తాగుతూ, బాసా చేసిన కుండలో నీళ్ళు ఒక్క గుక్కకే దాహం తీరుస్తాయని అన్నాడు. ఊళ్ళో చాలామందికి గుమానారాం బాసాయే, అంటే పెద్దదిక్కు. ఆ మాటకు అతను సిగ్గుపడ్డట్టు నవ్వాడు గానీ, నమ్మాడు కూడా.

ఆడవాళ్ళలో పందిరిలోకి వచ్చి తాగేది ఊరి ఆడపడుచులే. అందులో ఝమ్‌కూ అందరికంటే ముందుండేది. భర్త పోయి అన్న ఇంటికి తిరిగొచ్చిన మనిషి. ముసుగూ లేదు, మాటకు మొగమాటమూ లేదు. ఆ రోజు మూడు దోసిళ్ళు తాగి, మూతి తుడుచుకుని, అక్కడున్న చెంబు నింపి పట్టుకుపోబోయింది. గుమానారాం ఆపాడు.

"చెంబు ఇక్కడే ఉంచు. కావలసినవాళ్ళని వచ్చి తాగమను. నీడలో రెండు నిమిషాలు కూర్చున్నట్టూ ఉంటుంది వాళ్ళకి."

అతను మంచికే అన్నాడు. ఎండలో నిలబడి తాగితే మంచిది కాదని అతని తల్లి చెప్పేది. ఝమ్‌కూ చెంబు దించింది.

"కాకా, నువ్వు నిజంగానే ఇంత అమాయకుడివా?" అంది. జవాబు కోసం ఆగకుండా తట్ట నెత్తిన పెట్టుకుని దిగిపోయింది.

*

గుమానారాం కోడలు గవరీ ఆ ఇంటికి వచ్చి ఎనిమిదేళ్ళు. అతను ఆమె ముఖం చూడలేదు. చూడకూడదు కూడా. మామ ఉన్నచోట కోడలు ఓణీ గడ్డం కిందికి లాగుకుంటుంది, గొంతు విప్పదు. ఏదైనా చెప్పక తప్పకపోతే వసారాలో కట్టేసిన తెల్ల మేకతో చెబుతుంది. "ధోళీ, రొట్టె ఆరిపోతోందని చెప్పు" అంటుంది. అతను కూడా మేకనే చూస్తూ, "ధోళీ, ఇంకొక్కటి చాలని చెప్పు" అంటాడు. కొడుకు గుజరాత్‌లో ఉప్పుమడుల పనికి పోయాక ఇంట్లో సగం మాటలు ఆ మేక చెవిన పడే సాగుతున్నాయి. దానికి తెలిసినన్ని సంగతులు ఊరి పూజారికి కూడా తెలియవని అతని భార్య ధాపు ఎగతాళి చేసేది.

కాబట్టి కుంటలో వరసగా గట్టెక్కే ముసుగుల్లో గవరీని అతను నడకను బట్టే పోల్చుకునేవాడు. తట్ట ఎంత బరువున్నా ఆమె అడుగు తూగేది కాదు. ఐదో రోజు పొద్దున్న తొమ్మిదింటికి ఆ అడుగు తూగింది. బరువు ఎక్కువ ఎత్తినట్టుంది అనుకున్నాడు. ఆమె గట్టు వైపు కాకుండా పక్కకు నాలుగడుగులు వేసి, ఎవరో పిలిచినట్టు ఆగి, కూర్చుంది. తట్ట దొర్లింది. ఆ తర్వాత ఆమె కూడా ఒరిగింది.

ఝమ్‌కూ, ఇంకో ఇద్దరూ ఆమెను మోసుకుని పందిరిలోకి తెచ్చారు. గుమానారాం గరిటె నిండా నీళ్ళు ముంచి లేచాడు. అప్పుడే ఝమ్‌కూ గవరీ ముసుగు వెనక్కి లాగింది. ఎర్రగా కందిపోయి, ఒక్క చెమట చుక్క లేని చెంప అతని కంటపడింది. వెంటనే వెనక్కి తిరిగాడు. ఆలోచించి తిరగలేదు. నిప్పు తగిలితే చేయి వెనక్కి వచ్చినట్టు, ఒళ్ళే తిరిగింది. గరిటె పట్టుకున్న చేయి మాత్రం వెనక్కి చాచి నిలబడ్డాడు. గరిటె ఒరిగి నీళ్ళు అతని మడమ మీద కారాయి. ఎవరో ఆ గరిటె లాక్కున్నారు.

కబురు వెళ్ళగానే ఆరోగ్య ఉపకేంద్రం నర్సు స్కూటరు మీద వచ్చింది. ఓణీ తడిపి మెడకూ చంకలకూ చుట్టించింది, విసరమంది. తెలివి వచ్చాక ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టింది. గుమానారాం పందిరి గుంజ వైపు ముఖం పెట్టుకుని అన్నీ వింటూ నిలబడ్డాడు. నర్సు చేతులు కడుక్కుని అతని వీపుతోనే మాట్లాడింది.

"పెద్దాయనా, ఇటు తిరక్కపోయినా సరే, వినండి. పొద్దున్నుంచి ఈ అమ్మాయి కడుపులో చుక్క నీళ్ళు లేవు. చెమట ఆగిపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఇంకో అరగంటయితే నేను వచ్చీ లాభం లేదు. ఇది ముఖం చూస్తే తెలిసేది. మీ ఊళ్ళో ముఖం కనపడదు కదా, ఎట్లా తెలుస్తుంది?"

మూడు రోజులు బరువు ఎత్తొద్దనీ, ఎండలోకి వెళ్ళొద్దనీ, ఇంకోసారి ఇలా పడితే లేవడం కష్టమనీ చెప్పి వెళ్ళిపోయింది. చుక్క నీళ్ళు లేవన్న మాట దగ్గరే గుమానారాం ఆగిపోయాడు. ఆరు కుండలు పక్కన పెట్టుకుని కూర్చున్నది తనే.

పని ముగిశాక ఝమ్‌కూ గరిటె తెచ్చి ఇసుకలో గుచ్చింది. "కాకా, మనిషికి పొయ్యాల్సిన నీళ్ళు నీ మడమకి పోసుకున్నావు" అంది. గొంతులో ఎగతాళి లేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

*

సాయంత్రం ధాపు మజ్జిగలో సజ్జ అంబలి కలిపి అతని ముందు పెట్టింది. లోపలి గదిలో గవరీ పడుకుని ఉంది. గుమానారాం గిన్నె ముట్టుకోకుండా, కోడలు నీళ్ళెందుకు తాగలేదో అడిగాడు. తను ఎవరినీ వద్దనలేదు కదా అన్నాడు. కులం చూడలేదు, వరస చూడలేదు, వచ్చినవాళ్ళందరికీ పోశాడు.

ధాపు విసనకర్ర పక్కన పెట్టింది.

"వచ్చినవాళ్ళకి పోశారు. రాలేనివాళ్ళ సంగతో?"

"రాలేకపోవడమేంటి? నలభై అడుగుల దూరం."

"నీళ్ళు తాగాలంటే ముసుగు ఎత్తాలి. కుండ పక్కన మీరు కూర్చుంటారు. ఆ ఇరవై మంది కోడళ్ళకీ మీరు మామగారో, మామగారి అన్నో అవుతారు. మీ ఎదురుగా ముఖం తీసి, దోసిలి పట్టి, గుటకలు వేస్తూ తాగాలా? మా మామగారుండగా నేను తాగానా?"

ధాపు విసనకర్ర మళ్ళీ తీసుకుంది.

"మీకు నిర్జల ఏకాదశి ఏడాదికి ఒక్కటి. ఆ పిల్లలకి మీరు కుండ దగ్గర కూర్చున్న ప్రతిరోజూ అదే. పుణ్యం మాత్రం ఏకాదశిదీ మీకే, నీళ్ళు పోసిందీ మీకే."

"మిగిలిన నీళ్ళు మేకలకి పోశాను" అన్నాడతను, ఏదో ఒకటి అనాలని.

"మేకకి ముసుగు లేదుగా."

వసారాలో ధోళీ తన ప్రస్తావన వచ్చినట్టు తల తిప్పి చూసింది. అతను అంబలి తాగలేకపోయాడు. సంధ్య దీపం ముందు కూర్చున్నా నామం కుదురుగా సాగలేదు. ఇన్నాళ్ళూ తను నీళ్ళకు కాపలా కాశాడా, ధర్మం చేశాడా అని దేవుణ్ణే అడిగాడు. లోపలి గదిలోంచి చెంబు నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

మర్నాడు పని దగ్గర ఒక పరీక్ష పెట్టుకున్నాడు. ఎనిమిదింటికి, ఒంటె కాలికి ముల్లు గుచ్చుకున్నట్టుందని తిలోకాతో చెప్పి, గట్టు అవతలికి పోయి చాలాసేపు ఒంటె కాలు పట్టుకుని కూర్చున్నాడు. ఒంటె విసుక్కుని అతని తలపాగా మీద ఊపిరి వదిలింది. తిరిగొచ్చి కుండ మీద కణుపుతో తట్టాడు. పొద్దున్న మందంగా పలికిన చోటు ఇప్పుడు మోగింది. రెండో కుండ కూడా నడుము దాకా మోగింది. పందిరి ముందు ఇసుకలో ఇరవై జతల పాదముద్రలు, తొందరలో ఒకదాని మీద ఒకటి తొక్కుకుని ఉన్నాయి. దొంగతనానికి వచ్చినట్టు వచ్చి తాగి వెళ్ళిన జాడలు.

*

తరువాతి రోజు నిర్జల ఏకాదశి. గుమానారాం పదిహేనో ఏట మొదలుపెట్టిన ఉపవాసం. సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా చుక్క నీరు ముట్టడు. ఆ రోజు గవరీ పనిలోకి వస్తానంది. అత్తతో అంది, ఆ తర్వాత మేకతో కూడా అంది. ఇంట్లో పడుకుంటే గాలి ఆడక ఇంకా ఉడికిపోతున్నానంది. గుమానారాం ధోళీ వైపు చూసి, రావచ్చుగానీ తట్ట ఎత్తకూడదనీ, తను చెప్పిన చోట కూర్చోవాలనీ చెప్పాడు.

పందిరి దగ్గర అతను గరిటె తీసి తిలోకా చేతిలో పెట్టాడు. ఈ రోజు నుంచి నీళ్ళు పోసేది గవరీ అన్నాడు. తిలోకా మస్టరులో నీళ్ళ మనిషిగా బాసా పేరే ఉందన్నాడు, మార్చడం అంత తేలిక కాదన్నాడు. కట్ట మీద కూర్చున్న హేమా అనే ముసలాయన బీడీ దించి, కోడలు పందిట్లో దర్జాగా కూర్చుంటే మామ ఎండలో నిలబడే రోజులొచ్చాయా అని నవ్వాడు. మిగతా మగవాళ్ళూ నవ్వారు. గుమానారాం కోప్పడలేదు. పేరు ఎవరిదైనా ఉండనీ, దాహం మాత్రం వాళ్ళదేనని తిలోకాతో నెమ్మదిగా చెప్పాడు. తరువాత పందిరికి రెండు వందల అడుగుల దూరంలో ఉన్న జమ్మిచెట్టు కిందికి పోయి, పందిరికి వీపు పెట్టి కూర్చున్నాడు.

జమ్మి నీడ జల్లెడలాంటిది. ఎండ పూర్తిగా ఆగదు. ఎనిమిదింటికే నాలుక అంగిలికి అంటుకుంది. ప్రతి ఏకాదశికీ ఉండేదే ఇది. కానీ ప్రతి ఏకాదశికీ అతను చల్లటి వసారాలో, తడిగుడ్డ మీద పడుకుని ఉండేవాడు. ఇలా ఎండలో కూర్చోలేదు, తట్ట మోయలేదు. వెనక పందిరిలో గరిటె కుండకు తగులుతున్న చప్పుడు అప్పుడప్పుడు వచ్చేది. ఒకసారి ఆడవాళ్ళ నవ్వు కూడా వినిపించింది. నీళ్ళ దగ్గర నవ్వుతారని అతనికి తెలియదు. ఇన్నాళ్ళూ అక్కడ తనొక్కడే రామనామం చెప్పుకుంటూ ఉండేవాడు.

పదిన్నరకు గాలి ఆగిపోయింది. జమ్మి ఆకు కదలలేదు. గట్టు కింద మేకలు తలలు లోపలికి పెట్టి గుంపు కట్టాయి. గుమానారాం తలెత్తి పడమటి వైపు చూశాడు. ఆకాశం అంచున పసుపు రంగు దుమ్ము గోడ లేచింది. చూస్తుండగానే అది ఎరుపెక్కింది, అడుగున నల్లబడింది. తిలోకా అరుపులు వినిపించాయి. మగవాళ్ళు అవతలి గట్టున ఉన్న పాత రాతి తొట్టి చాటుకు పరిగెత్తారు. ఆడవాళ్ళు తట్టలు అక్కడే బోర్లించి, మూడు వైపులా తడికె ఉన్న పందిరిలోకి చేరారు.

అతను కూడా లేచి రెండడుగులు పందిరి వైపు వేసి, ఆగిపోయాడు. లోపల ఇప్పుడు ఓణీలు తడిపి ముక్కులకు కట్టుకుంటూ ఉంటారు. ముఖాలు తీసే ఉంటారు. తను వెళ్ళి నిలబడితే ఇరవై చేతులు ఒక్కసారిగా ముసుగులు లాగుతాయి. కుండ దగ్గర మళ్ళీ తనే కూర్చున్నట్టవుతుంది. రాతి తొట్టి దాకా పోయే వ్యవధి లేదు. అతను వెనక్కి వచ్చి జమ్మి మొదట్లో గాలికి వీపు పెట్టి, తలపాగా విప్పి ముక్కుకు చుట్టి, తల మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

గోడ వచ్చి పడింది. మొదట చప్పుడు, తరువాత చీకటి, ఆ తరువాత ఇసుక. మెడ మీద వేల ముళ్ళు ఒక్కసారి గుచ్చినట్టు కొట్టింది. పైన ఒక కొమ్మ విరిగి ఎటో పోయింది. ఊపిరి పీలిస్తే మట్టి, వదిలితే మంట. ఎంతసేపయిందో తెలియలేదు. చెమట పడుతోందేమోనని మెడ తడుముకున్నాడు. పొడిగా ఉంది. నర్సు చెప్పింది గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కూడా నెమ్మదిగా, ఎవరి సంగతో అన్నట్టు వచ్చింది.

అప్పుడు ఒక గొంతు వినిపించింది.

"బాసా!"

ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు. విన్నాడుగానీ, ఇంత ఎత్తున వినలేదు. ఎనిమిదేళ్ళుగా మేక చెవిలో గుసగుసలాడిన గొంతు అది.

"బాసా, లేవండి. కళ్ళు తెరవొద్దు. నా గొంతు ఎటునుంచి వస్తే అటు రండి. నేను పిలుస్తూనే ఉంటా."

అతను లేచాడు. గాలి ఒక పక్కకు తోసింది. గొంతు ఆగలేదు. బాసా, ఇటు. బాసా, ఎడమకి. బాసా, అక్కడ గుంత ఉంది, కాలు ఎత్తి వెయ్యండి. దుమ్ము తెరిపిచ్చినప్పుడల్లా అతన్ని చూస్తోంది కాబోలు, దారి పొడవునా ఆమె పిలుస్తూనే ఉంది, ఎవరు వింటున్నారో, వింటే ఏమనుకుంటారో చూసుకోకుండా. అతను గుడ్డివాడిలా చేతులు చాచి నడిచాడు. తడికె చేతికి తగిలింది. లోపల ఓణీలు సర్దుకునే గాజుల గలగల మొదలయింది.

గుమానారాం పందిరి అంచునే నిలబడ్డాడు. ముక్కుకు చుట్టుకున్న తలపాగా గుడ్డ చెంగు పట్టుకుని, నుదుటి మీద నుంచి కళ్ళ మీదికి, కళ్ళ మీద నుంచి గడ్డం కిందికి లాగుకున్నాడు. కోడళ్ళు లాగుకున్నట్టే. ఆ తరువాతే లోపలికి అడుగుపెట్టి, తడికెకు ఆనుకుని కూర్చున్నాడు.

గాజుల చప్పుడు ఆగింది. బయట గాలి అరుస్తూనే ఉంది. ఝమ్‌కూ గొంతు వినిపించింది.

"కొత్త కోడలు వచ్చిందర్రా. సర్దుకోండి కాస్త."

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వు పందిరంతా పాకింది. గుడ్డ కింద అతను కూడా నవ్వాడు. పగిలిన పెదవి మండింది. గుడ్డలోంచి ఎర్రటి వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు. లోపల తన ఊపిరి తనకే వేడిగా తగిలింది. గవరీ ఎనిమిదేళ్ళు ఇందులోంచే చూసిందా అనుకున్నాడు.

మోచేతికి ఏదో చల్లగా తగిలింది. గరిటె.

"ఇవాళ ఏకాదశి" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. ఆ ముద్దతనం అతనికే వినిపించింది.

"తెలుసు. ధోళీ ఇక్కడ లేదు, నేనే చెప్తున్నా. తాగండి."

యాభై మూడేళ్ళ ఉపవాసం. దేవుడు దీన్ని ఏమంటాడో అతనికి తెలియదు. ఏమీ అనడేమో. ఈ గొంతుతో పిలిపించినవాడు, ఈ నీళ్ళు మాత్రం వద్దంటాడా? అతను గుడ్డ కిందనే దోసిలి పట్టాడు. నీళ్ళు మణికట్టు దాకా చల్లగా జారాయి. చిన్న గుక్కలుగా తాగమని ఆమె చెప్పింది. చెప్పినట్టే తాగాడు. రెండోసారి పోసింది, మూడోసారి పోసింది. మెడ మీద తడిగుడ్డ ఎవరో వేశారు.

ఆ తరువాత గరిటె అతన్ని దాటి వెళ్ళింది. ఒక్కొక్కరే తాగుతున్నారు. తొందర లేదు. దోసిలిలో నీళ్ళు పడే చప్పుడు, గొంతు దిగే గుటక, గాజులు మోచేతికి జారడం, ఎవరో ఎవరినో ఇంకొంచెం తాగు అనడం. అతను కళ్ళు మూసుకుని ఆ చప్పుళ్ళన్నీ వింటూ కూర్చున్నాడు. నామం తనంతట తానే సాగుతోంది.

కుండ పలుకు మారుతూ వచ్చింది. మెడ దాటింది, నడుము దాటింది. బయట గాలి కాస్త మెత్తబడుతున్న వేళకు ఇత్తడి గరిటె కుండ అడుగున మట్టికి తగిలి ఠంగుమంది. ఈ కార్తెలో అతను ఆ చప్పుడు వినడం అదే మొదలు.

"పక్క కుండ మూత తియ్యి తల్లీ" అన్నాడు గుమానారాం, ముసుగు లోపలి నుంచి.